తూర్పున లేచిన కొండలు

మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా సోషల్ టీచర్ పిల్లలతో చీటీలు తీయించి తలా ఒక ద్వీపం అప్పగించారు. దాని నమూనా అట్ట మీద తయారుచేసి క్లాసులో వివరించాలి. మేముండే బహ్రెయిన్ కూడా ద్వీపమే కదా, అదే వచ్చి ఉంటే ఇసుక పోసి చేతులు దులుపుకునేదాన్ని. మాకు వచ్చింది ఉత్తర పసిఫిక్‌లో, కెనడా తీరానికి అవతలి ద్వీపం. ఏడాది పొడుగునా వాన, నిటారు కొండలు, దట్టమైన అడవి, అక్కడక్కడా విసిరేసినట్టు చిన్న చిన్న ఊళ్లు.

అమ్మాయికి వదిలేసి ఉంటే రెండు సాయంత్రాల్లో అయిపోయేది. మా ఆయన చేతిలో పడింది. ఆయనది కరీంనగర్, ఇక్కడ అవాలి అనే ఊరి దగ్గర ఇంజనీరు. పెన్సిలూ స్కేలూ లేకుండా ఏ పనీ మొదలుపెట్టరు.

“లెక్క ప్రకారం చేస్తే ఈ కొండలు గోరంత గూడ లేవయి,” అన్నారు.

“అప్పుడవి కొండలని ఎవరికి తెలుస్తుంది డాడీ?”

ఈ ఒక్క విషయం మీదే వారమంతా వాదించుకున్నారు. చివరికి అమ్మాయే నెగ్గింది. శుక్రవారం మధ్యాహ్నానికి కాగితపు గుజ్జుతో కొండలు లేచాయి. చూద్దును కదా, అన్నీ తూర్పు అంచున ఉన్నాయి.

“ఏమండీ, కొండలు పడమర కదా ఉండాలి? సముద్రపు గాలి వాటికి తగిలే అంత వాన పడుతుందట.”

“అట్ట అటు తిప్పితే అయిపాయె.”

“తిప్పితే ద్వీపం తలకిందులవుతుంది.”

ఆయన అట్టను ఒకసారి అటు తిప్పి, మళ్లీ ఇటు తిప్పారు. “సరే, మల్ల జేద్దాం తియ్,” అని టీ పెట్టమని సోఫాలో కూర్చున్నారు. కొండలు పెకలించింది నేనూ, నా కూతురూ. ఆ ఉక్కలో కొత్త గుజ్జు ఎంతకీ ఆరదు. ఏసీ ఎదురుగా పెట్టాం, జుట్టు ఆరబెట్టుకునే మిషను పట్టాం. శనివారం సాయంత్రానికి ఎలాగో ఆరితే, రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగు వేసి అడవి అతికించాం.

ఇక్కడ బడికి సెలవులు శుక్ర, శనివారాలు. ఆదివారం పొద్దున అమ్మాయిని బడికి తీసుకెళ్తుంటే ఈసా టౌన్ సిగ్నల్ దగ్గర ముందు కారువాడు ఉన్నట్టుండి ఆగాడు. నేనూ బ్రేకు తొక్కాను. అడవంతా సీటు కింద పడింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

“ఇప్పుడేం చేస్తావే?”

“ఏదోటి చెప్తాలే అమ్మా,” అంది, ఒళ్లో బోడికొండలు పెట్టుకుని.

సాయంత్రం వచ్చి చెప్పింది. అడవి ఏదని టీచర్ అడిగారట. “కలప కోసం చాలావరకు కొట్టేశారు మేడమ్. మళ్లీ పెరగడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది,” అందట. అది పుస్తకంలో ఉన్న మాటే. టీచర్ ముచ్చటపడి, చెట్లు నరకడం గురించే ఇంకా చెప్పించుకున్నారట. మంచి మార్కులే వేశారు.

మా ఆయన పడీ పడీ నవ్వారు. “సూసినవా, ఊకెనే పరేషానైతవ్,” అన్నారు నాతో.

నేను చీపురూ కారు తాళాలూ ఆయన చేతిలో పెట్టాను. వెళ్లారు గానీ, సగమే ఊడ్చి వచ్చారు.