అందరికీ కనబడిన తిమింగలం

అమావాస్యనాడు మా పొదటూరుపేటలో మగ్గాలకు సెలవు. ఆ రోజు పళవేర్కాడు సముద్రపు గట్టున నిలబడితే తిమింగలాలు కనపడతాయని మా బావ ఫోన్లో కనిపెట్టినాడు. అక్క మొగుడు, తిరుత్తణిలో చీరల అంగడి. ఫోన్లో వచ్చిందల్లా ఆయనకు వేదం. అక్కనూ, అమ్మనూ, నన్నూ వ్యాన్ ఎక్కించినాడు.

స్వామి ఎత్తిన మత్స్యరూపం లాంటిదాన్ని ఒక్కసారి కళ్ళారా చూడాలని అమ్మ ఆశ. దిగులు కూడా ఆ కళ్ళ మీదే. చూపు తగ్గి మగ్గం మానుకోవాల్సి వస్తుందేమోనని కొన్నాళ్ళుగా భయపడతా ఉండింది.

గట్టున మాలాంటి వాళ్ళే ఓ యాభై మంది. చేతుల్లో ఫోన్లు, నోట్లో మురుకులు. కాసేపటికే బావ వేలు చాపి అరిచినాడు. "అదిగో! నల్లగా! వీపు!"

అంతే, అందరికీ కనబడింది. ఒకామెకు తోక కూడా కనబడింది. ఒకాయనకు పిల్ల తిమింగలం. చూడలేదంటే యాడ తక్కువైపోతారో పాపం! అక్క చెంపలు వేసుకునింది. నాకు నీళ్ళూ, దూరంగా ఒక నల్లచుక్కా తప్ప ఏం లేదు. నేను బడికి పోలేదు, నాన్న ఇంట్లోనే చదువు చెప్పినాడు. నిజం చెప్పమన్న చదువే. అయినా నోరు మూసుకునే ఉన్నా. ఆ మందలో నేనూ ఒకతెను.

"కనపడిందా అత్తా? ఇంత ఉంటే కనపడకుండా పోతుందా?" అన్నాడు బావ.

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకొని చూసింది. మళ్ళీ తుడుచుకునింది. ఇసకలో కూలబడి, "నా కళ్ళు పోయినాయి. రేపట్నుంచి మగ్గం ఎక్కను," అనింది.

అప్పటికి నాకు సిగ్గొచ్చింది. పక్కన చేపలు ఎండేస్తా ఉండే ఆమెను పోయి అడిగినా. ఆమె పొట్ట పట్టుకొని నవ్వి, అరవంలో, "అది వల మునగకుండా కట్టిన డబ్బామ్మా! మా ఆయన కట్టిందే. ఈ గట్టున తిమింగలాన్ని నేనే ఇంతవరకూ చూడలే," అనింది.

పరిగెత్తుకొచ్చి చెప్పినా. అమ్మ తల ఎత్తింది.

"డబ్బానా? అది నాకు మొదట్నుంచీ కనపడతానే ఉంది కదే! అది కాదులే అని, ఆ పక్కా ఈ పక్కా చేప కోసం వెతుకుతా ఉంటి."

తిరుత్తణి స్వామికి అక్కడే దండం పెట్టుకున్నా. ఆ చేపలామెకు కూడా పెట్టాల్సింది. తిమింగలం డబ్బా కిందికి దూరిందని బావ దారంతా చెప్తానే ఉన్నాడు. అమ్మ అయితే, రేపు నేసే చీర అంచుకు ఏ రంగు బాగుంటుందని నన్ను అడుగుతా వచ్చింది.