చెల్లి చెవికి పెట్టిన మిషన్

మా చెల్లికి పుట్టుకతోనే చెవుడు. మేం సముద్రం మధ్య దీవిలో, బతు బస్తీలో ఉండేవాళ్లం. నాన్న వేటకు వెళ్తే, అమ్మ ఆ చేపలు తట్టలో పెట్టుకుని షాదీపూర్ వీధుల్లో అమ్మేది. చెల్లి నా బడిలోనే మూడో తరగతి. చివరి బెంచీలో కూర్చుని, బోర్డు వైపు తిరిగిన మాస్టారి వీపు చూసి ఇంటికొచ్చేది.

ఒకరోజు హెడ్‌మాస్టరు అమ్మను పిలిపించి, ఇలాంటి పిల్లలకు ప్రభుత్వం చెవి మిషన్లు ఇస్తోందని చెప్పారు. మిషన్లు పంచే రోజు అమ్మ తట్ట ఎత్తలేదు. చెల్లికి తలంటి పోసి, కొత్త రిబ్బన్లు కట్టింది.

పెద్దాఫీసరు వచ్చేదాకా పిల్లలను హాలు బయట ఎండలో నిలబెట్టారు. చెల్లి చెవిని పరీక్షించినవాళ్లు లేరు. స్టేజీ మీద ఆఫీసరు డబ్బాలోంచి మిషన్ తీసి, చెవిలో కుక్కి, కెమెరా వైపు నవ్వారు. పక్కనున్న గుమస్తా సౌండు మీట పూర్తిగా తిప్పాడు. చెల్లి కెవ్వుమని చెవి పట్టుకుంది.

"సునాయీ దే రహా హై!" అని ఆఫీసరు మైకులో అరిచారు. వినిపిస్తోందట! హాలంతా చప్పట్లు. పిల్ల ఏడుస్తుంటే, ముందు వరసలో ఒకావిడ అవి ఆనందబాష్పాలని మురిసిపోయింది.

అమ్మ స్టేజీ ఎక్కేసింది. "సార్, బచ్చీకో దర్ద్ హోరా! పిల్లకి నొప్పి, తీసీండి సార్!" అంటూ తనే ఆ మిషన్ పీకేసింది.

"ఆదత్ హో జాయేగా, దీదీ," అన్నారాయన నవ్వు చెదరకుండా. అదే అలవాటైపోతుందట.

కిందకి దిగాక అమ్మ గుమస్తాను అడిగింది. "మిషన్ ఇచ్చారు సరే. పిల్లకి మాటలు నేర్పే టీచరెక్కడ, భయ్యా?"

"మెయిన్‌ల్యాండ్ నుంచి షిప్‌లో వస్తారు," అన్నాడు సమోసా నములుతూ.

షిప్పులు వచ్చాయి, పోయాయి. టీచరు మాత్రం దిగలేదు. మిషన్‌లో సెల్లు అయిపోయింది. ఆ సైజు సెల్లు ఊళ్లో ఏ షాపులోనూ దొరకలేదు.

మరుసటి ఏడు హెడ్‌మాస్టరే ఇంటికొచ్చారు. "పాపను పంపమ్మా. ఈసారి ఇంకా పెద్దవాళ్లు వస్తున్నారు. దానికి స్టేజీ అలవాటే కదా."

అమ్మ చేపలు కోస్తున్న కత్తిపీట మీంచి లేవలేదు. "బిడ్డని ఏడిపించీసి ఫొటో తీసుకోడమేనా సార్ మీ చదువు? ఇది రాదు. ఆ టీచరమ్మ వచ్చిన్నాడు చెప్పండి, జెట్టీకి నేనే ఎదురొస్తాను."

ఆయన విసుక్కుంటూ వెళ్లిపోయారు. ఫంక్షన్ రోజు స్టేజీ మీద మరో పిల్లను నిలబెట్టారు. వాళ్లమ్మ కింద నిలబడి కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టింది. నేను చూడలేక బయటికి వచ్చేశాను.

చెల్లి ఐదో తరగతితో బడి మానేసింది. అక్షరాలూ కూడికలూ మా ఇంటి సైగలతో నేనే నేర్పాను. ఇప్పుడు పక్కనే ఉన్న గరాచర్మలో బట్టలు కుడుతుంది, బాగానే బతుకుతోంది. కానీ దాన్ని సర్కారు చదివించిందని ఎవరైనా అంటే మాత్రం నాకు ఒళ్లు మండిపోతుంది.