గ్రేసక్కకు రాదన్న లోన్

ఎనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెబుతున్నాను. తెలిసినవాళ్ళయితే సగం చెప్పి, మిగతా సగానికి సాకులు అతికిస్తాను. ఆ విద్య నాకు బాగా వచ్చు.

ఇది ఏడుస్తూ రాస్తున్నది కాదు. ఒళ్ళు మండి రాస్తున్నాను. చాలాకాలం ఆ మంటంతా మా పాస్టరుగారి మీద, మా సంఘం మీద చూపించుకుని హాయిగా ఉన్నాను. వాళ్ళ వంతు వాళ్ళకు ఉంది. కానీ ఆ రోజు నోరు తెరిచింది ఎవరు? నేను కాదా?

షికాగో దగ్గర ఒక సెమినరీలో పని చేస్తాను. పాస్టర్లు కావాలనుకునేవాళ్ళు చదువుకునే చోటు అది. విద్యార్థుల లోన్లు, స్కాలర్‌షిప్పులు చూసే ఆఫీసు నాది. ఇల్లు నేపర్‌విల్‌లో. ఆదివారం మధ్యాహ్నం అమెరికన్లు ఆరాధన ముగించుకుని వెళ్ళిపోయాక, వాళ్ళ చర్చి హాలు అద్దెకు తీసుకుని మా తెలుగు సంఘం కూడుతుంది. తర్వాత అక్కడే భోజనాలు. మావాళ్ళ పనులన్నీ ఆ భోజనాల దగ్గరే నడుస్తాయి. టాక్సుల సంగతి ఒక బ్రదర్‌ని అడుగుతారు, ఇల్లు కొనాలంటే ఇంకో అంకుల్‌ని అడుగుతారు. చదువుల లోన్లంటే నన్ను. ఎవరూ వెబ్‌సైట్ తెరిచి చూడరు, ఆఫీసుకు ఫోన్ చేయరు. మనమ్మాయి అక్కడే ఉండగా పరాయివాళ్ళను అడగడమేమిటి అనుకుంటారు. ఆ నమ్మకానికి నేను పొంగిపోయేదాన్ని. చేతిలో ప్లేటుతో నా చుట్టూ నలుగురు నిలబడితే ఎంత గొప్పగా ఉండేదో!

గ్రేసక్క తెనాలి వైపు మనిషి. చెల్లెలు పెట్టిన గ్రీన్ కార్డు మీద వచ్చింది. నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళకు స్నానాలు చేయించి, బట్టలు మార్చి, తినిపించే పని. వాళ్ళలో ఎవరైనా ఆఖరి ఘడియల్లో ఉంటే డ్యూటీ అయిపోయినా ఇంటికి వెళ్ళేది కాదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకునేది. ఆమెకు ఒకే ఒక్క కోరిక, హాస్పిటల్ చాప్లిన్ కావాలని. రోగుల మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేయడం, భయపడేవాళ్ళకు తోడుగా ఉండడం, అదే ఉద్యోగంగా చేయడం. దానికి సెమినరీలో మూడేళ్ళ డివినిటీ డిగ్రీ కావాలి. నలభై ఐదేళ్ళ వయసులో మా సెమినరీకే అప్లై చేసింది. సీటు వచ్చింది.

ఆమెకు ఫెడరల్ లోన్, అంటే ప్రభుత్వం ఇచ్చే అప్పు, వస్తుంది. ఇందులో తిరకాసేమీ లేదు. పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి, ఉంది. డిగ్రీ కోర్సులో చేరి, ప్రతి టర్ములో కనీసం సగం క్లాసులైనా తీసుకోవాలి, తీసుకోబోతోంది. స్కూలు ఆ లోన్ల పథకంలో ఉండాలి. ప్రభుత్వం సొమ్ము మాకొద్దని దూరంగా ఉండే సెమినరీలు కొన్ని ఉన్నాయి. మాది అలాంటిది కాదు. చదివేది దేవుడి చదువు కాబట్టి లోన్ ఇవ్వబోమని ఎవరూ అనరు. ఈ మాట రోజూ పదిమందికి చెప్పి జీతం తీసుకునేదాన్ని.

ఆ వారం మా అయ్యగారు ఫోన్ చేశారు. పాస్టరుగారిని మేము అయ్యగారనే అంటాం. గ్రేసమ్మ మంచి బిడ్డేనని మొదలుపెట్టారు. ఆడవాళ్ళు పుల్‌పిట్ ఎక్కి ప్రసంగిస్తే సంఘం చీలిపోతుందన్నారు. ఆమె అడిగింది పుల్‌పిట్ కాదు, ఆసుపత్రి మంచం పక్కన ఒక కుర్చీ. ఆ మాట నేను అనలేదు. నీ మాట వింటుంది కదా, కొంచెం ఆగమని చెప్పమ్మా అన్నారు. అలాగే అయ్యగారూ అన్నాను.

గమనించండి. ఆయన ఆగమని చెప్పమన్నారు, అంతే. అబద్ధం చెప్పమనలేదు. అబద్ధం నా సొంతం.

ఆదివారం భోజనాల దగ్గర గ్రేసక్క ప్లాస్టిక్ ఫోల్డర్ ఒకటి గుండెలకు ఆనించుకుని వచ్చింది.

"వందనాలమ్మా. తింటానే చెప్పు, పర్లేదు. ఫీజుకి ఫెడరల్ లోన్ పెట్టుకోవచ్చంట గదా. నాకు వచ్చిద్దంటావా?"

"సెమినరీలకి రాదక్కా. గవర్నమెంట్ మతానికి డబ్బులివ్వకూడదు కదా ఈ దేశంలో."

"గ్రీన్ కార్డ్ ఉంది గదమ్మా. అయినా రాదా?"

"సిటిజన్స్‌కే రాదక్కా. ప్రైవేట్ లోన్ ట్రై చేయొచ్చు కానీ హామీ సంతకానికి కో-సైనర్ ఉండాలంటారు. నీ జీతానికి కష్టం."

ఆ చివరి ముక్క అవసరమా? రాదన్నాక ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. ఆమె ఫోల్డర్‌ని చంకలో పెట్టుకుంది.

"పోన్లేమ్మా. అప్లై చేసి కాదనిపించుకునేదాన్ని. ముందే చెప్పి పరువు కాపాడావు."

నా ప్లేటు ఖాళీ అయిందని తనే వెళ్ళి పెరుగన్నం తెచ్చిపెట్టింది. నేను తిన్నాను.

ఎందుకు చెప్పాను? ఎనిమిదేళ్ళలో ఈ ప్రశ్నకు రకరకాల జవాబులు తయారుచేసుకున్నాను. మా ఆయన సంఘంలో పెద్ద, అయ్యగారి మాట కాదంటే ఆయనకు తలవంపులు అన్నాను. ఆ వయసులో గ్రేసక్కకు లోన్ మెడకు చుట్టుకుంటుందని జాలిపడ్డానని కూడా అనుకున్నాను. జాలి! సిగ్గుండాలి నాకు. నిజం చెబుతాను, వినండి. స్త్రీల కూటం నడిపేది నేను. నేను బైబిల్ వాక్యం చెబుతుంటే అందరూ ఫోన్లు చూసుకునేవాళ్ళు. గ్రేసక్క లేచి ఐదు నిమిషాలు మాట్లాడితే కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఏసీలో, కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని నేను. ముసలివాళ్ళ ఒళ్ళు తుడిచే మనిషి రేపు మా సెమినరీ నుంచే గౌను వేసుకుని బయటికి వస్తే, నేను ఆమెను రెవరెండ్ అని పిలవాలా? ఇదీ నా లోపల ఉన్నది. అయ్యగారి ఫోన్ రాకపోయినా ఇంకేదో వంక దొరికేది నాకు.

ఆమె వెబ్‌సైట్ చూడలేదు. ఆఫీసులో నా పక్క టేబుల్ ఆవిడను అడిగినా ఒక్క నిమిషంలో తేలిపోయేది, అడగలేదు. నన్ను దాటి ఇంకొకరిని అడిగితే నేను నొచ్చుకుంటానని అనుకుందట. ఆ సంగతి తర్వాత ఎప్పుడో ఆమే నవ్వుతూ చెప్పింది. సీటు వదులుకుంటున్నానని మెయిల్ పెట్టింది. ఆ మనిషి ఎందుకు రావడం లేదని పక్క టేబుల్ ఆవిడ నన్నడిగింది. కుటుంబ కారణాలు అన్నాను. ఫైలులో కూడా అదే రాసి మూసేశాను.

అక్కడితో ఆగి ఉంటే ఇది నా పాపం, ఆమె నష్టం అని రెండు ముక్కల్లో తేలేది. ఆగలేదు.

ఈమధ్య గ్రాడ్యుయేట్ విద్యార్థుల లోన్ల రూల్స్ మారాయి. కొత్తగా చేరేవాళ్ళకు ఒక పాత లోన్ తీసేసి, మిగిలినవాటికి పరిమితులు పెట్టారు. ఎక్కువ లోన్ దొరికే డిగ్రీల జాబితాలో మెడిసిన్, లా పక్కన థియాలజీ పేరు కూడా ఉంది. ఆ వార్త చూసి వర్జీనియాలోని షాంటిలీ నుంచి ఒక అమ్మాయి ఆఫీసుకు ఫోన్ చేసింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. నా పేరు విని తెలుగులోకి దిగింది.

"ఆంటీ, గ్రేస్ ఆంటీ మా జూమ్ ప్రేయర్ గ్రూప్ లీడ్ చేస్తారు. సెమినరీకి ఫెడరల్ లోన్స్ ఎప్పుడూ రావు, అప్లికేషన్ ఫీజు వేస్ట్ చేయకు అన్నారు. న్యూస్‌లో ఇంకోలా ఉంది. ఏది కరెక్ట్?"

వస్తుందని చెప్పాను. ఎప్పుడూ వచ్చేదేనని చెప్పాను. అదే గ్రూపులో ఇద్దరు అమ్మాయిలు గ్రేస్ ఆంటీ మాట విని నిరుడే సెమినరీ ఆశ వదిలేసుకున్నారని చెప్పింది. నేను ఒక్కరికి చెప్పిన అబద్ధాన్ని ఆవిడ ఎంత ప్రేమగా పంచుతోందో చూడండి! వాళ్ళ డబ్బు పోకూడదని, వాళ్ళకు తనలా మనసు విరగకూడదని.

ఆ పిల్ల ఇంకొకటి అడిగింది. మరి గ్రేస్ ఆంటీకి అలా ఎవరు చెప్పారు?

ఎవరో సంగతి తెలియనివాళ్ళు చెప్పి ఉంటారులే అన్నాను. ఎనిమిదేళ్ళ తర్వాత కూడా, ఎవరి భయమూ లేకుండా, ఏ అయ్యగారూ ఫోన్ చేయకుండానే అన్నాను.

ఇప్పుడైనా ఆమె చేరవచ్చు కదా అని మీరు అనవచ్చు. లోన్ అయితే వస్తుంది. ఆమెకు యాభై మూడేళ్ళు. ముసలివాళ్ళను ఎత్తి ఎత్తి నడుము పాడైంది, గంటసేపు కుర్చీలో కూర్చోలేకపోతోంది. చదువయ్యేసరికి ఎంత వయసొస్తుంది, ఎవరు ఉద్యోగమిస్తారు? ఇస్తారేమో. నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలియదని చెప్పడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను.

క్షమించమని మాత్రం అడగను. అడిగితే ఆమె వెంటనే క్షమిస్తుంది, నా మాట పూర్తవ్వకముందే నా తల మీద చెయ్యి వేసి ప్రార్థన మొదలుపెడుతుంది. అది తలుచుకుంటేనే నాకు మంట. మావాళ్ళ దగ్గర క్షమాపణ మరీ చవకైపోయింది. కన్నీళ్ళు పెట్టుకోవడం, ఆమెన్ అనడం, మళ్ళీ భోజనాలకు లైన్లో నిలబడడం. ముందు ఆమె నా మీద కోప్పడాలి. నా ముఖం మీద ఫోల్డర్ విసిరికొట్టాలి. ఆ హక్కు కూడా నేను ఆమెకు ఇన్నాళ్ళూ దక్కనివ్వలేదు, ఎందుకంటే ఎవరి మీద కోప్పడాలో ఆమెకు తెలియదు.

అందుకే నోటితో చెప్పకుండా రాశాను. ఈ కాగితం మీకంటే ముందు ఆమెకు చేరుతుంది. తర్వాత ఆ ఇద్దరు అమ్మాయిలకు, మా అయ్యగారికి. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో చూద్దాం. రాశాక తేలికపడ్డానా? పడ్డాను, కొంచెం. ఆ తేలిక మీద కూడా నాకు కోపంగానే ఉంది.

గ్రేసక్కా, నీకు లోన్ వచ్చేది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే రాదని చెప్పాను.