తలుపుల్లేని కోటవాకిలికి వెదురు గడ

మా చిన్నప్పుడు మా ఊరి కోటవాకిలికి తలుపులు లేవు... అయినా రోజూ సాయంత్రం మూసేవాళ్ళం!

తిరుత్తణి దగ్గర పల్లె మాది. విజయనగరం రాజుల కాలంలో కోటకు కావలికి వచ్చి, ఇక్కడే సేద్యంలో దిగిపోయిన తెలుగువాళ్ళం. ఆ కోటలో మిగిలింది ఒక బురుజు, దాని పక్కన రాతి వాకిలి. తలుపుల్ని ఎప్పుడో చెదలు తినేశాయి. గోడ రాళ్ళు ఊళ్ళో బావులకూ పశువుల కొట్టాలకూ చేరిపోయాయి. గోడ లేని చోట మేకలు దర్జాగా తిరిగేవి.

ఆ వాకిలి మూయడం మాత్రం తరతరాలుగా మా ఇంటి పని. దీపాలు పెట్టే వేళకు మా తాత వెళ్ళి, రెండు పక్కలా ఉన్న రాతి తొర్రల్లో వెదురు గడ అడ్డం పెట్టేవాడు. అంతకుముందు బురుజు మెట్లెక్కి, బయటికి చూస్తూ మూడు కేకలు... "ఇంకా ఎవురన్నా రావాల్సినోళ్ళుండారా?"

దారిలో ఉన్నవాళ్ళూ ఇళ్ళల్లోవాళ్ళూ బదులు పలికేవాళ్ళు. ఎవరైనా రావలసి ఉంటే, వాళ్ళు వచ్చేదాకా అక్కడే కూర్చునేవాడు. గడ పడిందంటే మా ఇంటివాళ్ళు తీస్తేనే తీసినట్టు. తన తర్వాత ఈ పని ఎవరు చేస్తారని తాతకు ఒకటే బెంగ. మా నాన్నకేమో తిరువళ్ళూరులో ఉద్యోగం, పొద్దుగూకాక బస్సుకే ఇల్లు చేరేవాడు.

నాకు పదేళ్ళప్పుడు తాతకు జ్వరం వచ్చింది. "నువ్వు పోయి ఏసిరా పాపా" అన్నాడు. పొంగిపోయి పరుగెత్తాను. గడ పెట్టాను... కేక వేయడానికి మాత్రం సిగ్గేసింది. వేయకుండానే ఇంటికొచ్చేశాను.

కాసేపటికి వాకిలి దగ్గర ఒకటే గోల. బస్సు దిగిన ఏడుగురు, మా నాన్నతో సహా, గడకు అవతల నిలబడిపోయారు! పక్కనుంచి మేకలు వస్తున్నాయి, పోతున్నాయి. మనుషులు ఒక్కరూ ఆ దారిన రారే!

"గడ పడినాక ఎట్ల వచ్చేది?" అని నాన్న అరుస్తున్నాడు.

తాత దుప్పటి కప్పుకుని వచ్చాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన తిట్టలేదు. నన్ను బురుజు మెట్లెక్కించి, "ఇప్పుడు పిలువు. నువ్వు పిలిస్తేనే తీసేది" అన్నాడు.

బయటికి చూస్తూ మూడుసార్లు పిలిచాను.

"ఉండాము తల్లీ, ఉండాము!" అన్నారు ఏడుగురూ ఒక్కసారే. నవ్వులే నవ్వులు... తాత మొహం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు నుంచి పెళ్ళయ్యేదాకా ఆ పని నాదే.

ఇప్పుడు బురుజు పక్కనుంచే తారు రోడ్డు. గడ పెట్టేవాళ్ళు లేరు. నేను తిరునిన్రవూరులో ఫ్లాటులో హాయిగానే ఉన్నాను. కానీ సాయంత్రం తలుపు గొళ్ళెం పెట్టబోతే నోటికి ఆ కేకే వస్తుంది. నా పిల్లలిద్దరూ ఫోన్లోంచి తలెత్తకుండానే "ఉండామమ్మా, లోపలే ఉండాము" అంటారు. అది వింటేనే గొళ్ళెం పెడతాను.

తాతకు ఊరంతా బదులు పలికేది... నాకు ఇద్దరు పలుకుతారు.

మీరు వచ్చేదాకా తలుపు వేయకుండా కాచుకున్నది ఎవరు? చెప్పండి... వింటాను.