హైమావతి గారి నెత్తురు

ఎలీసబెతుది కృత్తివెన్ను. తండ్రి రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవాడు. చెరువు నీళ్ళు సీసాల్లో పట్టి ల్యాబుకు తీసుకెళ్ళేటప్పుడు కూతుర్నీ సైకిలెక్కించుకునేవాడు. అలా పట్టుకున్న ల్యాబు ఆమెను మళ్ళీ వదల్లేదు. మచిలీపట్నంలో ఒక ఆస్పత్రిలో టెక్నీషియనుగా చేరి, అక్కడే నడివయసుకు వచ్చింది. వేలమంది నెత్తురు చూసిన చేయి. ఆశ్చర్యాలన్నీ ఎప్పుడో అయిపోయాయనుకునేది.

ఆ ఏడు వానలు వెనకపట్టగానే డెంగీ విరుచుకుపడింది. పెడన నుంచి హైమావతిని తీసుకొచ్చారు. కలంకారీ అద్దకం పని చేసే మనిషి. జ్వరం దిగింది గానీ ఒకటే వాంతులు, మగత. కళ్ళు పచ్చబడ్డాయి. ఆమె నెత్తుటి మీద తేలిన తేటను ఎలీసబెతు కాలేయపు ఎంజైముల పరీక్షకు పెడితే, అంతంత ఎక్కువ కొలవలేనని మిషను చేతులెత్తేసింది. తేటను సెలైనుతో పలచన చేసి మళ్ళీ పెట్టింది. నలభై లోపు ఉండాల్సిన అంకె ఆరువేలు దాటింది. వెంటనే వార్డు చూసే డాక్టర్ సుప్రియకు ఫోన్ చేసింది.

"ఈ ఎంజైములు కాలేయం కణాల్లోపల ఉండాల్సినవండీ," అని డాక్టరు హైమావతి భర్త సత్యనారాయణకు చెప్పింది. "వైరస్ దెబ్బకి కణాలు పగిలి నెత్తుట్లోకి వచ్చేస్తున్నాయి."

"మందు లేదాండీ?"

"దీనికంటూ ప్రత్యేకంగా మందు లేదు. కాలేయానికి బరువయ్యే మాత్రలు ఆపేశాం, సెలైను చూసుకుంటూ ఎక్కిస్తున్నాం. తనంతట తాను కోలుకోవాలి."

ఒకటి రెండు రోజుల్లో అంకె సగానికి పడిపోయింది. ఎలీసబెతు సంబరంగా వార్డుకు ఫోన్ చేస్తే డాక్టరు గొంతులో సంతోషం లేదు.

"కోలుకుంటున్నా తగ్గుతాయి ఎలీసబెతు గారూ. పగలడానికి కణాలే మిగలకపోయినా తగ్గుతాయి. నెత్తురు గడ్డకట్టే పరీక్ష చేసి చెప్పండి."

నెత్తురు గడ్డకట్టడానికి కావలసిన సరుకు చాలావరకు కాలేయమే తయారుచేస్తుంది. క్రితంసారి ఆ పరీక్షలో హైమావతి నెత్తురు ఎంతసేపు చూసినా నీళ్ళలాగే పారింది. ఈసారి ఎలీసబెతు ఆమె నెత్తుటి తేట పోసిన గాజు గొట్టాన్ని గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి, గడ్డకట్టించే రసాయనం కలిపి, దీపం ముందు వంచుతూ నిటారు చేస్తూ చూసింది. పారింది. మళ్ళీ వంచింది. అంతలో సన్నటి తెల్లటి పోగు ఒకటి మెరిసింది. చూస్తుండగానే దానికి ఇంకో పోగు తగులుకుంది. పారుతున్నదంతా వల పడ్డట్టు ఆగిపోయింది.

ఎలీసబెతు ఒళ్ళు జలదరించింది. అన్ని కణాలు పోయి, కన్ను తెరవలేని మనిషి లోపల, ఎవరూ చెప్పకుండానే కాలేయం మళ్ళీ పనిలో దిగింది! "ప్రభువా," అంది పైకే.

ఈసారి ఫోన్లో డాక్టరు గొంతు మారింది. "కట్టిందా? నిజంగా కట్టిందా?"

మర్నాటి సాయంత్రానికి హైమావతి కళ్ళు తెరిచి మజ్జిగ అడిగింది. సత్యనారాయణ ల్యాబు గుమ్మం దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

"మీ చేతి చలవమ్మా."

"నాదేం లేదు బాబాయ్ గారూ. ఊరికే చూశానంతే."

"మరెవరు చేశారమ్మా?"

ఎలీసబెతు అతణ్ణి లోపలికి పిలిచి, ఆ రోజు తీసిన నెత్తురు గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూపించింది. వంచినా అందులో గడ్డకట్టిన నెత్తురు కదల్లేదు; ఇద్దరూ దానివంకే చూస్తూ నిలబడ్డారు.