తొమ్మిది బకెట్లు

కెనడాలోని హామిల్టన్‌లో మేం అద్దెకున్న ఇంటి బేస్‌మెంట్‌లో, నీళ్ల పైపుకి గుప్పిట్లో పట్టేంత టర్బైన్ బిగించాను. కాలేజీలో నా ఆఖరి ప్రాజెక్టు అది. పైపులో నీళ్లు పారితే టర్బైన్ తిరిగి కాస్త కరెంటు పుడుతుంది. ఆ కరెంటుతోనే పక్కనున్న సెన్సర్, బ్యాటరీ అవసరం లేకుండా, నీటి వాడకాన్ని వైర్‌లెస్‌గా నా లాప్‌టాప్‌కి పంపుతుంది.

ఇంటి ఓనర్ టొరంటో పక్కన మార్కమ్‌లో ఉండే తెలుగాయన. మాకందరికీ అంకుల్. అడగ్గానే పర్మిషన్ ఇచ్చారు, మనవాళ్లు పైకి రావాలన్నారు కూడా. ఆయన లెక్కలో మేం ఆరుగురం. నిజానికి తొమ్మిది మందిమి. ఆ రోజుల్లో కాలేజీలో సీటు దొరికినంత తేలిగ్గా ఊళ్లో గది దొరికేది కాదు. చోటు లేక వచ్చిన ముగ్గుర్ని మేమే దాచుకున్నాం. వాళ్లలో ఒకడు నిజామాబాద్ వాడు, హీటర్ పక్కన పడుకునేవాడు. టర్బైన్ బిగిస్తుంటే పైపు పట్టుకున్నది వాడే.

షవర్ ధారకి టర్బైన్ సరిగ్గా తిరగలేదు. అందుకని అందరినీ బకెట్, మగ్గు స్నానాలకి మళ్లించాను. కుళాయి పూర్తిగా తిప్పితే బకెట్ నిండేలోపు సెన్సర్ ఠంచనుగా పలికేది. గ్రాఫ్ మీద బకెట్‌కో నిలువు గీత. ప్రొఫెసర్ మెచ్చుకున్నారు. నేను ఊరుకోవచ్చుగా? గొప్ప కోసం ఆ గ్రాఫ్ లింకు అంకుల్‌కి పంపాను.

మర్నాడే ఫోన్ చేశారు. గొంతు పెంచలేదు.

"పొద్దున పూట తొమ్మిది గీతలున్నాయి. మనిషికో బకెట్టే కదా బాబూ?"

ప్రొఫెసర్‌కి తట్టనిది ఆయనకి ఇట్టే తట్టింది. ఆయనా బకెట్ స్నానాల్లో పెరిగిన మనిషే. కొందరు రెండేసి బకెట్లు పోసుకుంటారని చెప్పి ఉండాల్సింది. నా టర్బైన్ పీకేయమంటారేమోనన్న భయంతో నిజం చెప్పేశాను. ఆరుగురికి మించితే ఇంటి ఇన్సూరెన్స్ ఒప్పుకోదని, ఆదివారంలోగా ఆ ముగ్గురూ ఖాళీ చేయాలని అన్నారు. టర్బైన్ మాత్రం ఉంచుకోమన్నారు.

ఆదివారం మంచు కురుస్తోంది. ఇద్దరు లండన్‌లో (ఇంగ్లండ్‌ది కాదు, మా దగ్గర్లోనే ఉన్న ఊరు) ఎవరో తెలిసినవాళ్ల దగ్గరికి పోయారు. నిజామాబాద్ వాడికి ఎవరూ లేరు. సూట్‌కేసు మెట్ల మీదికి లాగుతూ ఆగాడు.

"నాకు ముందే చెప్తే తానం బంద్ చేస్తుంటి గదరా."

సిగ్గుతో చచ్చిపోయాను గానీ, ఆగమని మాత్రం అనలేదు.

ఆ వారమే ప్రెజెంటేషన్. ఆదివారం దాకా తొమ్మిది గీతలు, తర్వాత ఆరే. ఎందుకు తగ్గాయని ప్రొఫెసర్ అడిగారు. వాడకంలో చిన్న మార్పునైనా సెన్సర్ పట్టేస్తుందనడానికి అదే రుజువన్నాను. ఫుల్ మార్కులు వేశారు.