కిటికీకి వీపు పెట్టి కూర్చున్న వియ్యపురాలు

మా వియ్యపురాలు పోయిందన్న కబురు జగిత్యాల దగ్గర ఉన్న వాళ్ళ ఊరి నుంచి పొద్దున్నే వచ్చింది. ఫోన్ ఎత్తింది మా కోడలు. ఆసుపత్రి డ్యూటీకి బయలుదేరుతూ, నర్సు దుస్తుల్లో, ఒక కాలికి చెప్పు తొడుక్కుని ఉంది. "అమ్మ" అని ఒక్క మాట అని ఆగిపోయింది. రెండో చెప్పు తొడుక్కోలేదు, మొదటిది విప్పలేదు. అలాగే గుమ్మంలో నిలబడిపోయింది. చివరికి నేనే వెళ్ళి, వంగి, ఆ చెప్పు విప్పాను. అత్తగారు కోడలి చెప్పు విప్పడం మా ఇళ్ళల్లో జరిగే పని కాదు. ఆ రోజు జరిగింది.

ఇక్కడ ఖతర్‌లో, దోహా పక్కన అల్ వుకైర్‌లో ఉండే తెలుగువాళ్ళలో చాలామంది ఆవిడను చూసే ఉంటారు. సాయంత్రం పూట మా వీధి చివరి పార్కులో మనవణ్ణి ఉయ్యాల ఊపుతూ, ఏ దేశపు పిల్లలనైనా తెలుగులోనే మందలించే పొట్టి మనిషి. "మెల్లగ ఊగు బిడ్డా, పండ్లు రాలుతయ్" అంటే భాష తెలియని పిల్లలు కూడా నెమ్మదించేవారు. ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమని మన సంఘం వాళ్ళు అడిగారు. నేను లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. ఉన్నదానికి ఏమీ కలపను, ఏమీ తీసెయ్యను. చూసింది చూసినట్టు రాస్తాను.

మాది తెనాలి వైపు. పెళ్ళి మాటలకు వాళ్ళ ఊరు వెళ్ళిన రోజున ఆవిడ కుర్చీ లాగి, "కూసో వదినా, నువ్వు నిలవడితే నాకు కాళ్ళు గుంజుతయ్" అంది. పెళ్ళికొడుకు తల్లిని మొదటి పరిచయంలోనే "నువ్వు" అనడం నాకు గుచ్చుకుంది. నేను మాత్రం "వదినగారూ, మీరు" అనే పిలిచాను. చివరిదాకా అలాగే పిలిచాను. తరవాత అర్థమైంది, ఆవిడ నోట "మీరు" వచ్చేది కోపం వచ్చినప్పుడేనని. నన్ను ఒక్కసారే అంది. మనవడు రాత్రి వదిలేసిన అన్నమే మర్నాడు పొద్దున వాడికి పెట్టించాను. ఆవిడ చూసి, "మీరు సదువుకున్నోళ్ళు, మీకు ఎక్కువ తెలుస్తది" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట నాకూ అన్నం సహించలేదు.

ఆవిడ బీడీలు చుట్టి కూతుర్ని చదివించింది. ఖాళీగా కూర్చున్నా వేళ్ళు ఊరుకునేవి కావు. చీర కొంగో, టీ కప్పు కింద కాగితమో ఏది దొరికితే అది చుట్టి, చివర మడిచి, పక్కన పెట్టేది. ఆవిడ లేచి వెళ్ళాక సోఫా మీద అలాంటి చిన్న చిన్న చుట్టలు మిగిలేవి. నేను ఏరి చెత్తబుట్టలో వేసేదాన్ని. ఇప్పుడు ఒకటి దొరికితే బాగుండునని వెతుకుతున్నాను.

ఆవిడ భర్త ఈ ఖతర్‌లోనే రోడ్డు పనిలో ఉండేవాడు. ఊళ్ళో వాళ్ళు మాత్రం దుబాయ్ పోయిండనే అనేవారు. కూతురు బడిలో చేరిన ఏడాదే ఎండదెబ్బ తగిలి పోయాడు. పెట్టెలో పంపారు. తెరవవద్దన్నారు. తెరవకుండానే దహనం చేశారు. అతనితో కలిసి పనిచేసిన ఒకతను సెలవు మీద ఊరికి వచ్చి చెప్పిన మాట ఒకటి ఆవిడకు మిగిలింది. "ఆఖరికి నీళ్ళడిగిండట వదినా. క్యాన్ల నీళ్ళు అయిపోయినయట." ఈ మాట నాతో చెప్పినప్పుడు ఆవిడ ఏడవలేదు. మనవడి చొక్కాకు బొత్తాం కుడుతూ చెప్పి, దారం కొరికి తెంపింది.

కూతురు నర్సయి, పెళ్ళయి, ఇదే దేశంలో కాపురం పెట్టాక ఆవిడ కూడా ఇక్కడికి వచ్చిపోతూ ఉండేది. కానీ ఎడారి వైపు చూసేది కాదు. మా వాళ్ళు సెలవు రోజున ఇసుక తిన్నెల దగ్గరికి బయలుదేరితే ఆవిడ రానంటే రాననేది. ఏ పని మీదనైనా ఊరు దాటాల్సి వస్తే కారులో కిటికీకి వీపు పెట్టి, లోపలి వైపు తిరిగి కూర్చునేది. "దాని మొకం నాకెందుకు" అనేది. ఆయన పోయింది ఏ రోడ్డు మీద, ఏ వైపు అని నేను గుచ్చి గుచ్చి అడిగేదాన్ని. ఖచ్చితంగా తెలుసుకోవడం నా అలవాటు. "ఇసుకకు అడ్రసుంటదా వదినా" అని నోరు మూయించేది. కానీ ఒకసారి అడగకుండానే అంది, "పోయెలోపల ఒక్కసారి ఆడికి పోయి ఇన్ని నీళ్ళు పోసి రావాలె. కాళ్ళు వస్తలేవు."

అలాంటి మనిషిని ఎడారి గుండా పోయే రైలెక్కించింది మా పిల్లల సెలవు గొడవ. దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా నుంచి నమీబియా సముద్రం ఒడ్డు దాకా పోయే ఖరీదైన విలాసపు రైలు అది. తమ పెళ్ళిరోజుకని మా అబ్బాయి టికెట్లు కొన్నాడు. చివరికి కోడలికి సెలవు దొరకలేదు. డబ్బు వెనక్కి రాదు, పేర్లు మార్చుకోవచ్చు అన్నారు. "మీ ఇద్దరూ వెళ్ళండి" అన్నాడు మా వాడు. నేను వద్దన్నాను. దారంతా ఎడారే అని వియ్యపురాలికి ముందే చెప్పాను, మ్యాపు పెట్టి చూపించాను కూడా. ఆవిడ మ్యాపు మీద వేలితో ఆ దారి వెంట చివరిదాకా గీసింది.

"ఈడిది నా మొగణ్ణి తిన్నది. దీన్ని సూడలేను. గక్కడిది పరాయిది. నాకూ దానికీ పగ లేదు. దాన్ని సూసి ధైర్యం తెచ్చుకుంటే, అచ్చినంక దీని తాన పోత" అంది. "నువ్వు పక్కకుండాలె."

ఆ రైలు సంగతి చెప్పాలంటే నిగనిగలాడే చెక్క గోడలు, ఇత్తడి గొళ్ళేలు, మా ఇద్దరికీ ఒక గది, గదిలోనే స్నానాల తొట్టి. రాత్రి భోజనానికి ముస్తాబై రావాలని నియమం. మేము పట్టుచీరలు కట్టాం. భోజనంలో నిప్పుకోడి మాంసం ఉందని నేను చదివి చెబితే, "అంత కోడిని ఎవలు కోస్తరు, ఎవలు పంచుతరు" అని పప్పు కోసం చూసింది. గట్టి తెల్లటి నాప్కిన్‌ను ఆవిడ వేళ్ళు బీడీలా చుట్టడం మొదలుపెట్టాయి. నేను కళ్ళతో వద్దన్నాను. ఆపలేదు.

మా బోగీకి ఒక పెద్దవయసు అటెండెంటు ఉండేవాడు. రెండో రోజున నన్ను పక్కకు పిలిచి, తన పనిలో ఏమైనా లోపం ఉందా అని ఇంగ్లీషులో అడిగాడు. ముఖం చిన్నబోయి ఉంది. విషయం ఏమిటంటే, అతను వచ్చేసరికే పక్కలు సర్ది ఉంటున్నాయి. తన మీద ఫిర్యాదు అనుకున్నాడు. నేను వియ్యపురాలికి చెప్పాను.

"పండి లేచిన పక్క పరాయోడు ముట్టుడేంది వదినా? నాకు చేతులు లేవా?"

ఆ విషయంలో నేనూ ఆవిడ పక్షమే. కానీ అతని ఉద్యోగం మాటేమిటని అడిగాను. మర్నాటి నుంచి ఆవిడ పొద్దున్నే తన అలవాటు ప్రకారం పక్క చక్కగా సర్దడం, అతని అడుగుల చప్పుడు వినగానే దుప్పటి లాగి చిందరవందర చేయడం. "ఇగ సర్దుకో అయ్యా" అని పక్కకు తప్పుకునేది. అతనికి ఏమీ తెలియదు, సంతోషంగా సర్దేవాడు.

అందరూ కూర్చునే బోగీలో గోడంత కిటికీలు. ఎడారి మొదలైన రోజున ఆవిడ వెతికి వెతికి కిటికీకి వీపు పెట్టే కుర్చీ పట్టింది. బయట ఎర్రటి ఇసుక, వాడిపోయిన గడ్డి, ఎంత దూరం చూసినా మనిషి లేడు. "ఎట్లున్నది?" అని నన్ను అడిగేది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పేదాన్ని. తీగ స్తంభం మీద ఒక పెద్ద పక్షిగూడు కనిపించింది, వందల పిట్టలు కలిసి కట్టుకున్నది. ఎలా ఉందో చెప్పడం నాకు చేతకాలేదు. ఆవిడ విసుక్కుని మెడ తిప్పి చూసింది. "అగో, గడ్డివాము స్తంభమెక్కింది" అంది. మరి కాసేపటికి కుర్చీని సగం తిప్పుకుంది. ఖతర్ విమానాల మీద బొమ్మలో కనిపించేలాంటి పొడవు కొమ్ముల జింక ఒకటి ఇసుకలో ఒంటరిగా నిలబడి ఉంటే, "ఇదీ డ్యూటీ మీదనే అచ్చినట్టుంది, పాపం" అంది. ఆ తరవాత కుర్చీ మొత్తం తిరిగింది. కానీ చేతులు కుర్చీని గట్టిగా పట్టుకునే ఉన్నాయి.

ఒక సాయంత్రం, ఊరూ పేరూ లేని చోట రైలు ఆపారు. సూర్యాస్తమయం చూడటానికట. ఇసుక మీద తివాచీ పరిచి, బల్లలు వేసి, పానీయాలు పెట్టారు. అందరి తరవాత దిగింది ఆవిడ. తివాచీ దాటి కొంతదూరం వెళ్ళి చెప్పులు విడిచింది. నేను వెనకే వెళ్ళాను.

"కాలుతలేదు వదినా" అంది ఆశ్చర్యంగా. "కాలుతదనుకున్న."

చేతిలో నీళ్ళ సీసా ఉంది. మూత తీసి, వంగి, ఇసుకలో మెల్లగా పోసింది. "తాగు. దూపైతుందని ఎవలకు చెప్పినవో, ఎవలు ఇన్నరో. తాగు." నీళ్ళు పడ్డచోటే ఇంకిపోయాయి. సీసా ఖాళీ అయింది.

దూరం నుంచి మా అటెండెంటు చూశాడు. నీళ్ళు బాగాలేక పారబోసిందనుకున్నాడు. మరో సీసా పట్టుకుని ఇసుకలో పరుగెత్తుకొచ్చి, క్షమించమంటూ ఇచ్చాడు. ఆవిడ అదీ తీసుకుని అక్కడే పోసింది. అతను బెదిరిపోయి ఇంకోటి తెచ్చాడు. అదీ పోసింది. అప్పుడు ఆవిడ ముఖం చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, మాకు వీపు తిప్పి, మిగతావాళ్ళకు మేము కనిపించకుండా అడ్డంగా నిలబడ్డాడు. ఆవిడ అప్పుడు ఏడ్చింది. అంత ఏడుపు ఆ చిన్న మనిషిలో ఇన్నేళ్ళు ఎక్కడ ఉందో నాకు తెలియదు. మర్నాడు పొద్దున పక్క చిందరవందర చేయడం మాత్రం మరిచిపోలేదు.

దోహాకు తిరిగి రాగానే చెప్పింది, "ఇగ పోత. గని ఆడికి కొన్న నీళ్ళు గాదు. మా ఇంటి బాయి నీళ్ళు తేవాలె. ఆయన తోడిన బాయి." ఇక్కడ ఎండలు ముదురుతున్నాయి. ఊరికి వెళ్ళి, చలి మొదలయ్యేసరికి నీళ్ళతో వస్తానంది. విమానాశ్రయంలో నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ఆ రోడ్డేదో ఖాయం చేసి పెట్టు. నీకు గసొంటియి మంచిగస్తయ్" అంది.

ఖాయం చేశాను. మా అబ్బాయి ఒక పాత ఫోర్‌మన్‌ను పట్టుకుని ఆ రోజుల్లో పని ఎక్కడిదాకా జరిగిందో కనుక్కున్నాడు. అల్ వుకైర్ దాటి దక్షిణంగా పోయే రోడ్డు. మా ఇంటి నుంచి ఎంతో దూరం కూడా కాదు. ఆవిడ కిటికీకి వీపు పెట్టి కూర్చున్న దారే. ఫోన్‌లో చెబితే, "గంత దగ్గర్నా" అంది.

రావడానికి ఇంకా రెండు వారాలుందనగా నిద్రలోనే పోయింది. బ్యాగు అప్పటికే సర్ది పెట్టుకుంది. కర్మలకు వెళ్ళిన కోడలు ఆ బ్యాగులోని బావినీళ్ళ సీసాను తెచ్చింది. మూత చుట్టూ గుడ్డ, గుడ్డ మీద బీడీకట్టకు కట్టే ఎర్రదారం.

కోడలికి డ్యూటీ లేని ఒక పొద్దున మేమిద్దరం వెళ్ళాం. కారు పక్కకు ఆపి, ఇసుకలోకి కాస్త నడిచాం. లారీలు పోతున్నాయి. కొంచెం అవతల రోడ్డు పనివాళ్ళు ఉన్నారు. కోడలు దారం విప్పి, తండ్రికి పోసింది. మిగిలింది తల్లికి పోసింది. నీళ్ళు పడ్డచోటే ఇంకిపోయాయి. ఖాళీ సీసా పట్టుకుని అలాగే నిలబడింది, తలుపు దగ్గర ఒక చెప్పుతో నిలబడినట్టు.

అప్పుడు పనివాళ్ళలోంచి ఒకతను మా వైపు వచ్చాడు. ముఖానికి గుడ్డ చుట్టుకున్నాడు, చేతిలో నీళ్ళ క్యాన్. "పానీ ఖతమ్ హోగయా క్యా, అమ్మా?" అని హిందీలో అడిగాడు, నీళ్ళు అయిపోయాయా అని.

"లేదు నాయనా" అన్నాను, అనుకోకుండా తెలుగులోనే.

గుడ్డ కిందికి లాగాడు. "మనోళ్ళేనా? గిట్ల ఎండల ఉత్త సీసా పట్టుకొని నిలవడితరా? కారాగిందా? ఇంద, ముందుగాల తాగుండ్రి. సల్లగున్నయి. క్యాన్ నిండ ఉన్నయి."

అతను పొరబడ్డాడు. పొరపాటు కనిపిస్తే దిద్దకుండా ఉండటం నాకు చేతకాదు. సంగతి చెప్పబోయాను. అంతలో మా కోడలు ముందుకు వంగి, రెండు చేతులూ చేర్చి దోసిలి పట్టింది. అతను క్యాన్ వంచాడు. ఆమె కళ్ళు మూసుకుని గటగటా తాగుతోంది. వేళ్ళ సందుల్లోంచి జారిన నీళ్ళు మోచేతుల మీదుగా ఇసుకలో పడుతున్నాయి. అతను ఇంకా పోస్తూనే ఉన్నాడు.